పదకొండు రాళ్ళ కింద గడ్డి

సెప్టెంబరు 3

ఈ పుస్తకం గడ్డి కోసం. గడ్డి సంగతి తప్ప ఇందులో ఇంకేమీ రాయకూడదని ముందే అనుకుంటున్నాను. లైబ్రరీలో పాత రిజిస్టర్లు పారేస్తుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నాను, సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి. ఏ రోజు ఏం చేశానో, ఏం మొలిచిందో తేదీ వేసి పద్ధతిగా రాసుకుంటే, అక్క వచ్చేనాటికి పెరడు మనుషులు చూసేట్టు తయారవుతుంది. నవంబరు పదిన వస్తానంది.

ప్రస్తుతం ఉన్న స్థితి: వంటింటి వెనక మెట్ల దగ్గర్నుంచి ఆయన గడియారాలు బాగుచేసుకునే షెడ్డు దాకా ఉన్న నేలంతా బాదం చెట్టు నీడ. సగం నాచు, సగం బోడి. నాచు దూరం నుంచి పచ్చగా కనిపించి మోసం చేస్తుంది. ఇవాళ ఇనపపళ్ళ గోకుడుకర్రతో ఒకచోట గోకితే జంపఖానాలా మొత్తం లేచి వచ్చేసింది. కింద గడ్డి లేదు. వేరు కూడా లేదు. నల్లటి తడిమట్టి, రెండు వానపాములు. ఇన్నేళ్ళుగా రోజూ కిటికీలోంచి చూస్తూ మాకు గడ్డి ఉందనుకుంటున్నాను.

ఇంకో సంగతి ఏమిటంటే... రాయనన్నాను కదా.

సెప్టెంబరు 4

నాచు గోకాను. నాలుగు బకెట్లు. నడుము నాది కాదు.

సెప్టెంబరు 7

మొక్కల నర్సరీ ఆవిడ వచ్చి చూసింది. అరవై దాటి ఉంటాయి, చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుంటుంది, జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు ఉంటుంది. దాన్ని నేలలో గుచ్చింది. అంగుళం దిగి ఆగిపోయింది. చూశావా, నేల ఊపిరాడక చచ్చిపోయింది అంది, ఎవరినో పోగొట్టుకున్నట్టు.

ఆవిడ చెప్పినవి: నాచు పూర్తిగా తీసేయాలి. ముళ్ళపారతో జానెడుకో పోటు పొడిచి నేల గుల్ల చేయాలి. చెట్టు కింది కొమ్మలు తీస్తే వెలుతురు పడుతుంది. నీడకి ఓర్చుకునే గడ్డి విత్తనం ఆవిడే ఇస్తుంది. ఆరువారాలు ఎవరూ తొక్కకూడదు.

అన్నీ చెప్పి, మెట్ల నుంచి షెడ్డు దాకా ఉన్న బోడి పట్టీ దగ్గర కూర్చుండిపోయింది.

"ఇది నాచు చంపింది కాదమ్మా. కాళ్ళు చంపాయి" అంది. "అదీ ఒకరి కాళ్ళు కావు. ఒకరు నడిస్తే ఇంత వెడల్పు పడదు. ఇద్దరు పక్కపక్కన నడిచారు. రోజూ."

గడియారాలు తెచ్చేవాళ్ళు వస్తుంటారులే అన్నాను. వాళ్ళకి వెనక సందులోంచి వేరే గేటు ఉందిగా అంది. ఉంది. వాళ్ళెవరూ పెరట్లోకి రారు. "ఏమో మరి" అని స్క్రూడ్రైవరు చొక్కాకి తుడుచుకుంది.

సాయంత్రం ఆయనతో కొమ్మల సంగతి చెప్పాను. కొమ్మలెందుకు, చెట్టే కొట్టించేద్దాం అన్నారు. ఆ చెట్టు కింద కూర్చునే మా ఇద్దరి పెళ్ళి సంగతి మా నాన్నతో మాట్లాడారు. యూనివర్సిటీలో చదివిన పిల్లని గడియారాలవాడికి ఎలా ఇస్తామని నాన్న అంటే, నా దగ్గర టైముంది సార్, ఎదురుచూస్తాను అన్న మనిషి. దేనికీ పట్టుబట్టని మనిషి. ఇవాళ మూడుసార్లు అన్నారు, చీకటిగా ఉంటోంది, కొట్టించేద్దాం అని. నేను ఒప్పుకోలేదు. గొంతు పెద్దదయింది. నాదే.

సెప్టెంబరు 9

ఆదివారం. అమ్మాయి స్నేహితురాలింటికి, ఆయన షెడ్డులోకి. ఒక్కదాన్నే పని మొత్తం చేశాను. చాలా తృప్తిగా ఉంది.

ముందు రాళ్ళు తీసేశాను. ఆయన రెండేళ్ళ కిందట ఎక్కణ్ణుంచో మోసుకొచ్చినవి, ఒక్కోటీ కొబ్బరికాయంత, దారి పొడుగునా ఒక పక్కన వరసగా పదకొండు. మూడు నెలలకోసారి తెల్లరంగు వేస్తారు. మిలిటరీ క్యాంపులా ఉంది, బట్టలు ఆరేయడానికి వెళ్ళినా సెల్యూట్ కొట్టాలేమో అని ఎన్నిసార్లు ఏడిపించినా నవ్వి ఊరుకుంటారు. అన్నీ దొర్లించి షెడ్డు వెనక కుప్ప పోశాను. రాయి తీసిన చోటల్లా గుండ్రంగా పాలిపోయిన మచ్చ, కింద తెల్లటి పురుగులు.

తర్వాత బట్టలతాడు. మెట్ల పక్కన గుంజ నుంచి షెడ్డు తలుపు దాకా కట్టి ఉంది. బట్టల నీళ్ళు కారి అక్కడే నాచు పడుతోంది. విప్పి మేడమీద కట్టాను.

నేల గుల్ల చేశాను. విత్తనం చల్లాను. రాళ్ళు లేచిన పదకొండు మచ్చల్లో కాస్త ఎక్కువే చల్లాను, అక్కడ మట్టి మెత్తగా ఉంది. చుట్టూ మోకాటి ఎత్తున పురికొస కట్టి, గుడ్డివాడికైనా కనపడేట్టు నా పాత ఎర్ర జాకెట్టు చింపి పీలికలు వేలాడదీశాను. ఇక ఆరువారాలు షెడ్డుకి వెళ్ళేవాళ్ళు గోడవారగా చుట్టు తిరిగి పోవాలి.

సెప్టెంబరు 10

నిన్న చీకటి పడ్డాక కూడా ఆయన భోజనానికి రాలేదు. చూస్తే షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, గుమ్మం దిగకుండా. పిలిస్తే, అమ్మడిని టార్చి తెమ్మను అన్నారు. ఈ కాస్త దూరానికి టార్చి ఏమిటో. అమ్మాయి పరిగెత్తింది, ఇద్దరూ గోడవారగా వచ్చారు.

రాళ్ళేవి అని అడిగారు. చెప్పాను. తాడు అన్నారు. చెప్పాను. "బాగుంది" అని కంచం ముందు కూర్చున్నారు. కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 14

సరే, రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

ఆయన మారిపోయారు. ఎప్పటినుంచో చెప్పమంటే చెప్పలేను, నాచు ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పగలరు. సాయంత్రం నాతో నడకకి రారు. సినిమా మానేశారు. కారు నా చేతికిచ్చేశారు, నడుము నొప్పిట. బల్ల ముందు వంగి రోజంతా గడియారాలు విప్పేటప్పుడు రాని నొప్పి స్టీరింగు దగ్గర వస్తుందట. నిన్న టీ కప్పు అందించాను. నా మొహంలోకే చూస్తున్నారు, చెయ్యి చాచలేదు. కప్పు అలా పట్టుకునే ఉన్నాను, వేళ్ళు కాలేదాకా. చివరికి బల్ల మీద పెట్టి వచ్చేశాను. అప్పుడు "ఓ, టీయా" అన్నారు.

ఇరవై ఏళ్ళ తర్వాత నేనింక ఆయన కంటికి ఆనడం లేదు. అంతే.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, తెలుసు. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివర్నుంచి వెనక్కి వచ్చేదాన్ని. కానీ జబ్బుమనిషి చెప్పేదంతా అబద్ధమేం కాదు కదా.

సెప్టెంబరు 20

మొలిచింది. వెంట్రుకంత సన్నగా, నీళ్ళు కలిపిన పచ్చరంగు. పట్టీలో అక్కడక్కడా. రాళ్ళు లేచిన మచ్చల్లో మాత్రం దట్టంగా, గుండ్రంగా, పదకొండూ పదకొండు చిన్న పళ్ళాల్లా. ఎవరికైనా చూపించాలనిపించింది. అమ్మాయిని పిలిస్తే చూసి, బాగుందమ్మా అంది గానీ మొహంలో సంతోషం లేదు. పదహారేళ్ళ పిల్లకి గడ్డి ఏం సంతోషం.

సెప్టెంబరు 22

అడుగులు.

పురికొస అలాగే ఉంది, పీలికలు అలాగే ఉన్నాయి. లోపల మొలకల మీద అడుగులు. ఎవరో గోకుడుకర్రతో చెరిపారు, రెండు చోట్ల మిగిలాయి. ఒకటి పెద్దది, ఆయన చెప్పు, మడమ పక్క అరిగిన చోటుతో సహా. రెండోది దాని పక్కనే. చిన్నది. ఆడవాళ్ళది.

నా చెప్పు దాని మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. నేను కాదు.

నేను తొమ్మిదికి లైబ్రరీకి పోతే ఐదుకి వస్తాను. అమ్మాయికి ఈ ఏడాది రోజూ మధ్యాహ్నం ల్యాబు, నాలుగు దాటుతుంది. అంటే పగలంతా ఇంట్లో ఆయనొక్కరే.

అక్కకి ఫోన్ చేశాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. "నువ్వు పుట్టగానే మంత్రసానిని గుర్తింపు కార్డు అడిగుంటావే" అంది. నవ్వాను. ఫోన్ పెట్టేస్తూ, "అయినా ఒకసారి చూసుకో" అంది. అక్క అలా అనకుండా ఉండాల్సింది.

సెప్టెంబరు 24

రేపు సగంరోజు సెలవు పెట్టాను. లైబ్రరీలో పన్ను నొప్పి అని చెప్పాను. పొద్దున్నే లేచి పట్టీ మధ్యలో అడ్డంగా ఇంకో పురికొస కడతాను. దాటితే తెలుస్తుంది.

సెప్టెంబరు 25

చూశాను. ఆయన కనుబొమ్మ మీద నాలుగు కుట్లు. ఇంకేమీ రాయలేను.

సెప్టెంబరు 26

గడ్డికి నీళ్ళు పెట్టలేదు.

సెప్టెంబరు 27

జరిగింది జరిగినట్టు రాయాలి. రాయకపోతే ఈ వారంలోనే దీన్ని నాకు కావలసినట్టు మార్చేసుకుంటాను. నన్ను నేనెరుగుదును.

మొన్న రెండింటికి ఇంటికి వచ్చాను. చెప్పులు చేత్తో పట్టుకుని నా ఇంట్లో నేనే దొంగలా వంటింటి కిటికీ దాకా నడిచాను. ఏం చూడబోతున్నానో నాకు తెలుసు. ఆవిడ చీర రంగు దాకా ఊహించుకుని ఉన్నాను.

షెడ్డు తలుపు తెరుచుకుంది. ఆయన. పక్కన మా అమ్మాయి.

నవ్వు వచ్చింది. ల్యాబు లేదన్నమాట, నాన్నతో కబుర్లన్నమాట, నా చెప్పు కొలత ఈ ఏడాది నా కూతురికి కూడా సరిపోతోందన్నమాట. తలుపు తీసి ఇద్దర్నీ హడలగొడదామనుకున్నాను. ఎందుకాగానో తెలీదు. అమ్మాయి షెడ్డు వైపు పురికొస కొక్కెం నుంచి తప్పించి పక్కన పెట్టింది, రోజూ చేసే పనిలా. ఆయన పట్టీ మీదికి అడుగు వేశారు. అది పక్కనే నడుస్తోంది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, హాస్టల్ వార్డెన్‌లా. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

ఆయన తిన్నగా నా వైపే చూస్తూ వస్తున్నారు. కిటికీ వైపు. చూశారు, అయిపోయింది అనుకున్నాను. నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు. అలాగే చూస్తూ నడుస్తున్నారు.

చూసింది అమ్మాయి. దాని పెదవులు ఆగిపోయాయి. ఆయన ఇంకో అడుగు వేశారు.

పట్టపగలు, కళ్ళు తెరుచుకుని, పొద్దున నేను అడ్డంగా కట్టిన, ఐదు ఎర్ర పీలికలు వేలాడే తాడు మీదికి నేరుగా. తాడు చూడని మనిషి పడ్డట్టు పడలేదు. తాడనేదే ప్రపంచంలో లేదన్నట్టు పడ్డారు. చేతులు కూడా ముందుకు రాలేదు. పట్టీ పక్కనున్న కుళాయి దిమ్మ అంచు కనుబొమ్మకి కొట్టుకుంది.

పరిగెత్తాను. ఆయన ఎడమ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇంత దూరం, మూర కూడా లేదు. ఆయన లేచి కూర్చుని, నుదురు తడుముకుని, వేళ్ళు మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూసుకున్నారు. రక్తం. అప్పుడన్నారు:

"అమ్మడూ, అమ్మ వచ్చేలోపు ఈ చొక్కా మార్చేయాలి."

నేనక్కడే ఉన్నాను. ఆయన పక్కనే. నా పమిట ఆయన మోచేతికి తగులుతోంది. అమ్మాయి ఆయన తల మీదుగా నా వంక చూసింది. అలాంటి చూపు నా కూతురి కళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

"నాన్నా, అమ్మ ఇక్కడే ఉంది."

ఆయన తల తిప్పారు. మెల్లిగా. చీకట్లో టార్చి తిప్పినట్టు. నన్ను దాటిపోయారు. వెనక్కి వచ్చారు. నా గడ్డం మీద ఆగి, పైకి వచ్చి, నా కళ్ళ దగ్గర ఆగారు.

"ఓహో" అన్నారు.

కారు నేనే నడిపాను. ఆస్పత్రి వరండాలో, లోపల ఆయనకి కుట్లు వేస్తుండగా, అమ్మాయి చెప్పింది. జబ్బు పేరు పొడుగ్గా ఉంది, గుర్తుపెట్టుకోలేదు. చూపు చుట్టూ అంచుల నుంచి మూసుకొస్తుందట. ముందు చీకట్లో కనపడదట, తర్వాత పక్కల, తర్వాత కింద. నడిమి చూపు చివరిదాకా ఉంటుందట. మందు లేదు. డాక్టరు చెప్పి రెండేళ్ళు. అమ్మాయికి ఫైలు దొరికి ఎనిమిది నెలలు. అప్పట్నుంచి కాలేజీ ఒంటిగంటకి అయిపోగానే వచ్చి రోజూ నాన్నని నడిపిస్తోంది. షెడ్డు నుంచి మెట్ల దాకా ముప్ఫైనాలుగు అడుగులు. మొత్తం చీకటైపోయేలోగా కాళ్ళకి నేర్పాలని. నేను పురికొస కట్టాక కూడా మానలేదు. కాళ్ళు మరిచిపోతాయని భయమట. తండ్రి నుంచి పిల్లలకి రావచ్చు గనక దాని కళ్ళు కూడా పరీక్ష చేయించారట. బానే ఉన్నాయట.

అదీ నాకు తెలియకుండానే. నా కూతురి కళ్ళు.

సెప్టెంబరు 28

మొదటి పేజీ నుంచి చదివాను.

చీకటిగా ఉంటోంది, కొట్టించేద్దాం అన్నారు. మూడుసార్లు అన్నారు. రాళ్ళకి తెల్లరంగు, మూడు నెలలకోసారి. బట్టలతాడు మీద ఆయన చెయ్యి ఆనించి నడవడం నేను చూశాను. ఎన్నోసార్లు చూశాను. ఉతికిన బట్టలకి జిడ్డు అంటుతోందని విసుక్కున్నాను.

రాళ్ళు తీసేశాను. తాడు విప్పేశాను. అడ్డం కట్టాను. ఒక మనిషి కాళ్ళ కిందనుంచి దారి లాగేయమని ఎవరైనా నన్ను నియమించి ఉంటే ఇంతకన్నా పద్ధతిగా చేసేదాన్ని కాదు. తేదీలు వేసి మరీ చేశాను. చాలా తృప్తిగా ఉంది అని రాసుకున్నాను.

తొమ్మిదో తేదీన ఒక మాట ఉంది, ఎర్ర పీలికల గురించి. పద్నాలుగో తేదీన ఇంకో వాక్యం. కొట్టెయ్యాలని కలం పెట్టాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

నాకెందుకు చెప్పలేదు. రెండేళ్ళు. ఎనిమిది నెలలు. నాకెందుకు చెప్పలేదు.

సెప్టెంబరు 29

షెడ్డులోకి వెళ్ళి అడిగాను. గోడల నిండా గడియారాలు, ఒక్కోటీ ఒక్కో టైము. కంటికి భూతద్దం పెట్టుకుని ఎవరిదో చేతిగడియారం విప్పి ఉన్నారు, సన్నటి పట్టకారుతో ఆవగింజంత మరమేకుని ఎత్తి దాని చోట పెట్టారు. నాకు కనపడని మేకు. ఇలాంటి మనిషి చూపు పోతోందని ఎలా అనుకుంటాను. ఎవరైనా ఎలా అనుకుంటారు.

ఆయన రెండు కాగితాలు గొట్టాల్లా చుట్టి, కళ్ళకి పెట్టుకుని టీ తాగమన్నారు. కప్పు నా ఎదుటే బల్ల మీద ఉంది. వెతికాను. ముందు గడియారం దొరికింది, తర్వాత ఆయన చెయ్యి దొరికింది, కప్పు దొరకలేదు. దొరికేసరికి ఒలికింది.

"మొహం చూస్తే చేతులు కనపడవు" అన్నారు. "నీ మొహం చూడాలా, చేతిలో ఏముందో చూడాలా అంటే నేను మొహమే చూస్తాను. టీదేముంది, చల్లారితే మళ్ళీ పెట్టుకోవచ్చు."

గడియారాల పని చిట్టచివర పోతుందని డాక్టరు అన్నాడట. దానికి కావలసినంత చూపు ఉందట. గడియారానికి బయటే చూపు లేదట. అది కూడా నవ్వుతూనే చెప్పారు. నేను నవ్వలేదు. నాకెందుకు చెప్పలేదు అన్నాను, నాలుగోసారో ఐదోసారో.

భూతద్దం తీసి కింద పెట్టారు.

"అమ్మడికి జ్వరం వస్తే వారంలో నలుగురు డాక్టర్ల దగ్గరికి తిప్పావు, గుర్తుందా. ప్రేమే, కాదనను. నీకు చెబితే మర్నాటి నుంచే నా చెయ్యి పట్టుకుంటావు. బాత్రూముకి కూడా. డాక్టరు ఇంకా ఐదారేళ్ళుందన్నాడు. నువ్వు నన్ను ఆ రోజే గుడ్డివాణ్ణి చేసేస్తావు."

అబద్ధమని చెప్పడానికి నోరు తెరిచాను. నా చెయ్యి అప్పటికే ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలీదు. ఇద్దరం దాని వంక చూశాం.

తీసేశాను.

నేను అడిగేదాకా చెయ్యి ఇవ్వకు, అదొక్కటే చాలు అన్నారు. సరే అన్నాను. ఎంత సులువుగా అన్నానో.

అక్టోబరు 1

చెయ్యి ఇవ్వలేదు. ఏడుసార్లు.

అక్టోబరు 2

ఒకసారి ఇచ్చేశాను. గుమ్మం దగ్గర. ఆయన నా వేళ్ళు ఒక్కోటీ విడదీసి నా చెయ్యి నాకిచ్చేశారు.

అమ్మాయిని అడిగాను, నువ్వెలా ఓర్చుకుంటున్నావే అని. మొదటి నెల నేనూ పట్టేసుకునేదాన్నమ్మా అంది. తర్వాత ఏం చేశావంటే చెప్పకుండా భుజాలెగరేసింది.

అక్క ఫోన్ చేసింది, నీ కేసు ఏమైంది అని. ఉత్తదే, అమ్మాయి కాళ్ళేనని చెప్పాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. మిగతాది చెప్పలేదు. అది ఆయన చెప్పుకోవలసింది.

అక్టోబరు 4

కొమ్మలు కొట్టే మనిషి వచ్చి కింది కొమ్మలన్నీ తీసేశాడు. చెట్టు ఉంది. మెడ దాకా జుట్టు కత్తిరించుకున్న పెద్దావిడలా ఉంది. పెరట్లో ఇంత వెలుగు పడుతుందని నాకు తెలీదు. ఆయన మెట్ల మీద నిలబడి చాలాసేపు చూశారు.

వెనకే నర్సరీ ఆవిడ. పట్టీ మీద నేనే కట్టిన తాళ్ళు నేనే తెంపేసి ఉండటం చూసి మొహం మాడ్చుకుంది. కానీ పదకొండు పళ్ళాల దగ్గర కూర్చుని అరచేత్తో నిమిరింది. ఇంత నీడలో ఇంత గడ్డి నా చేతుల మీదుగా ఎక్కడా రాలేదమ్మా, ఇదే కాపాడుకో, ఇక్కణ్ణుంచే పట్టీ అంతా అల్లుకుంటుంది అంది. ఇంకో నెల తొక్కనివ్వకు అంది.

తొక్కాలండీ అన్నాను. ఎవరు అంది. మా ఆయన అన్నాను. వేరే దారి లేదా అంటే, ఉందిగానీ ఇదే ఆయన దారి అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. స్క్రూడ్రైవరు తీసి పట్టీలో గుచ్చింది. పిడి దాకా దిగింది. "నేలైతే బతికింది" అంది.

అక్టోబరు 6

పొద్దున్నే, ఇద్దరూ లేవకముందు, షెడ్డు వెనక్కి వెళ్ళాను. రాళ్ళు తడిసి మట్టి కొట్టుకుని ఉన్నాయి. కుళాయి దగ్గర కడిగాను. నిన్న కొన్న తెల్లరంగు డబ్బా విప్పి రెండు పూతలు వేశాను. ఆరేదాకా మెట్ల మీద కూర్చున్నాను.

ఏ రాయి ఎక్కడుండేదో ఆయన్ని అడగదల్చుకోలేదు. అమ్మాయిని కూడా. తీసింది నేను. కానీ తీసేటప్పుడు ఏ కొలతా చూసుకోలేదు, ఎవరైనా చూస్తారా. రాయి మూడడుగులకొకటా, నాలుగా. నిలబడి చూస్తే మాత్రం వెతకవలసిన పనే లేదు. బోడి పట్టీ పక్కన పదకొండు పచ్చటి గుండ్రాలు, ఒక్కోటీ ఎక్కడ ఉండాలో అక్కడ. నేను ఎక్కువ విత్తనం చల్లి, చేత్తో నీళ్ళు చిలకరించి పెంచినవి. పెరడు మొత్తంలో గడ్డి అని చెప్పుకోదగ్గది అదొక్కటే.

మొదటిదాని మీద రాయి పెట్టాను. కింద గడ్డి నలిగిన చప్పుడు వినిపించిందనుకున్నాను. గడ్డికి చప్పుడుండదు. రెండోది పెట్టాను. ఐదోదాని దగ్గర కాసేపు కూర్చుండిపోయాను, దానికి మంచు పట్టి ఉంది. పెట్టేశాను. పదకొండూ పెట్టేశాను. మేడ మీద తాడు విప్పుకొచ్చి మళ్ళీ గుంజ నుంచి షెడ్డు దాకా కట్టాను.

అంతలో వంటింటి తలుపు చప్పుడైంది. నేను చెట్టు మొదట్లో ఉన్నాను, ఆయనకి పక్కగా, అంటే ఆయనకి లేను. చేతి నిండా తెల్లరంగు.

మూడు మెట్లు దిగారు. చెయ్యి గాల్లోకి వెళ్ళింది, తాడు తగిలింది, ఆగింది. తాడుని ఒకసారి లాగి చూశారు. నడిచారు. కాలి బొటనవేలితో ఒక్కో రాయినీ తట్టుకుంటూ, ఒకటి, రెండు. నాకు ఇక్కడ నోట్లో లెక్క నడుస్తోంది. ఏడు దగ్గర ఆగారు. మళ్ళీ తట్టారు.

"ఇది కాస్త ఎడమకి" అన్నారు, ఎటూ చూడకుండా. "జానెడు."

వెళ్ళి జరిపాను. సగం పచ్చ బయటికొచ్చింది, సగం కొత్తగా కిందపడింది. ఆయన తట్టి చూసి, ఊ అని, ముందుకి నడిచారు. షెడ్డు గుమ్మం ముందు కాలు కొంచెం తడబడింది.

నా రెండు చేతులూ లేచాయి. వెనక్కి తెచ్చి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను. అమ్మాయి అలా ఎందుకు నడిచేదో అప్పుడు తెలిసింది.

ఆయన లోపలికి వెళ్ళి దీపం వేసుకున్నారు. నా జాకెట్టు వెనక రెండు అరచేతుల తెల్లరంగు అంటుకుంది. పోదట.